వేషం మాటున వ్యక్తి

మనిషిని మనిషి ముందుగా గుర్తుపట్టేది ముఖాన్ని బట్టి. పేరు, ఊరు, వంశం, వృత్తి ఆ తరువాత తెలిసేవి. కట్టిన బట్ట, పెట్టిన బొట్టు, ధరించిన నగ ఆ ముఖానికి తోడై, ఈ వ్యక్తి ఫలానావాడని చూసేవారికి చెబుతాయి. ఆ గుర్తులన్నింటినీ మార్చివేస్తే ఏమవుతుంది? మనిషి మారతాడా? మనిషిని చూసే చూపు మారుతుందా? కావ్యాలూ నాటకాలూ ఈ ప్రశ్నను అనాదిగా వేస్తూనే ఉన్నాయి. రాజు సేవకుడై, వీరుడు నాట్యాచార్యుడై, బాలుడు పెండ్లికూతురై కనిపించే ఘట్టాలు తెలుగు సాహిత్యంలో కోకొల్లలు. అవి వినోదం కోసం మాత్రమే కల్పించినవి కావు. వేషం చాటున పాత్ర స్వభావం ఎంతవరకు నిలుస్తుందో, ఆ వేషాన్ని చూసి లోకం ఎట్లా ప్రవర్తిస్తుందో పరీక్షించడానికి కవులు ఎన్నుకొన్న మార్గమది.

రంగు పలికే భాష

వేషానికి శాస్త్రస్థానం కల్పించినవాడు భరతుడు. ఆయన నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. దేహంతో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, మనసులోని భావం వెలికి వచ్చేది సాత్త్వికం. ఈ మూడూ నటుని లోపలి నుండి పుట్టేవి. ఆహార్యం మాత్రం బయటి నుండి తెచ్చుకొనేది. దానికే నేపథ్యమని మరొక పేరు. నేడు ‘నేపథ్యం’ అనే మాటను వెనుకటి సందర్భం అనే అర్థంలో వాడుతున్నారు కాని, నాట్యపరిభాషలో అది వేషధారణకూ, నటులు వేషం వేసుకొనే తెరవెనుకటి చోటుకూ పేరు.

ఆహార్యంలో ఒక భాగం అంగరచన, అంటే దేహానికీ ముఖానికీ రంగులు పూయడం. తెలుపు, నలుపుతో కూడిన నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగింటిని భరతుడు మూలవర్ణాలుగా చెప్పాడు. తెలుపూ ఎరుపూ కలిస్తే పద్మవర్ణం, పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ, ఎరుపూ పసుపూ కలిస్తే గౌరవర్ణం ఏర్పడతాయని వివరించాడు. జీవుడు ఒక దేహాన్ని విడిచి మరొక దేహంలో ప్రవేశించి ఆ దేహానికి తగిన స్వభావం పొందినట్లే, నటుడు రంగుతోనూ వేషంతోనూ తన రూపాన్ని కప్పుకొని పాత్ర స్వభావాన్ని పొందాలని ఆయన ఆశయం. ‘పాత్ర’ అనే మాటకు గిన్నె అనే అర్థం కూడా ఉన్నదని గుర్తుంచుకొంటే ఈ పోలిక మరింత బోధపడుతుంది. తనను తాను ఖాళీ చేసుకొన్న నటునిలోనే మరొక వ్యక్తి నిండగలడు.

రంగు ఒక భాష అనడానికి కేరళ కథకళి చక్కని ఉదాహరణ. అందులో ఆకుపచ్చ ముఖం ధర్మపరుడైన నాయకునికి గుర్తు. ఆ వేషానికి ‘పచ్చ’ అనే పేరు. అదే ఆకుపచ్చ ముఖంపై ఎర్రని కత్తి ఆకారం గీసి, ముక్కు చివరా నుదుటా తెల్లని గుండ్లు అమర్చితే అది ‘కత్తి’ వేషం. రావణుడు, కీచకుడు మొదలైన పాత్రలు ఈ వేషంలో కనిపిస్తాయి. పచ్చరంగు పూర్తిగా పోలేదు, దానిపై ఎరుపు చేరింది. పరాక్రమం, పాండిత్యం ఉన్నా వాటిని అహంకారం చీల్చివేసిన వ్యక్తి అని ప్రేక్షకుడు ఒక్క మాట వినకుండానే గ్రహిస్తాడు.

పూసిన రంగు కింద కండరాలు కదులుతాయి, కనుబొమలు ఎగురుతాయి. తొడిగిన మాస్కు కదలదు. పురూలియా, సెరైకెలా ప్రాంతాల ఛౌ నృత్యాలలో నర్తకులు మాస్కులు ధరిస్తారు. మయూర్‌భంజ్ ఛౌలో మాస్కు ఉండదు. మాస్కు ధరించిన నర్తకుడు దుఃఖాన్ని కంటితో చూపలేడు, కోపాన్ని పెదవితో పలికించలేడు. మెడ వంపుతో, భుజం కదలికతో, అడుగు విసురుతో ఆ భావాలను తెలియజేయాలి. ముఖం మూగబోయినప్పుడు దేహమే ముఖమవుతుంది. వేషధారి రహస్యాన్ని బయటపెట్టేది కూడా చాలా సందర్భాలలో ముఖం కాదు, నడకే. ఈ సంగతి విరాటపర్వంలో మళ్లీ కనిపిస్తుంది.

తెలుగునేలపై ఈ విద్య రాజాస్థానాలలో కన్నా వీధులలోనే ఎక్కువగా బతికింది. పగటివేషగాళ్లు పట్టపగలు, దీపాల వెలుగూ తెరల చాటూ లేకుండా, చూపరుల కళ్లెదుటే రోజుకొక వేషంతో తిరిగేవారు. వారి వేషాలలో అర్ధనారీశ్వర వేషం మిక్కిలి కష్టమైనదిగా పేరుపొందింది. ఒకే ముఖంలో ఒక సగం శివుడు, మరొక సగం పార్వతి. ఒకవైపు తిరిగితే పురుషుని ఠీవి, మరొకవైపు తిరిగితే స్త్రీ లాలిత్యం కనిపించాలి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ పాత్రను తరతరాలుగా పురుషులే ధరించారు. ఆ పాత్రతో వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012), నాటకరంగంలో అదే పాత్రతో స్థానం నరసింహారావు (1902–1971) అశేష కీర్తి గడించారు. ముఖానికి అరదళం పూసి, జడ అల్లి, చీర కట్టినంత మాత్రాన సత్యభామ కాలేరు. ఆమె అభిమానమూ, అలుకా, విరహమూ నటుని నడకలో, చూపులో పలికినప్పుడే వేషం నిండుతుంది.

అజ్ఞాతవాసం: వేషమే ప్రాణరక్ష

రంగస్థలంపై వేషం ఒక ఒప్పందం. ఎదుట ఉన్నవాడు నటుడని ప్రేక్షకునికి తెలుసు. కథలోని పాత్రయే మరొక పాత్రను నమ్మించడానికి వేషం వేస్తే పరిస్థితి వేరు. చదివేవానికి రహస్యం తెలుసు, ఎదుటి పాత్రకు తెలియదు. ఎప్పుడు బయటపడుతుందో అనే ఉత్కంఠ అక్కడే పుడుతుంది. ఈ కథాశిల్పానికి తెలుగులో శిఖరప్రాయమైనది తిక్కన విరాటపర్వం. వానలు కురవనప్పుడు విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు పల్లెలలో ఉన్నదంటే ఆ కథ ప్రజల మనసులలో ఎంతగా నాటుకొన్నదో ఊహించవచ్చు.

పన్నెండేండ్ల వనవాసం ముగిసింది. పదమూడవ యేట ఎవరికీ తెలియకుండా బతకాలి. తెలిసిపోతే మళ్లీ పన్నెండేండ్లు అడవిపాలు. ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచి పాండవులు విరాటుని కొలువులో చేరారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, ద్రౌపది సైరంధ్రి. ఈ వేషాలను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఎవరూ తమకు పూర్తిగా పరాయిదైన వేషం ఎంచుకోలేదు. తనను సర్వనాశనం చేసిన జూదాన్నే ధర్మరాజు జీవనోపాధిగా చేసుకొన్నాడు. తిండిపుష్టి గల భీముడు వంటశాలలో చేరాడు. ఇంద్రలోకంలో నాట్యగానాలు నేర్చిన అర్జునుడు వాటినే ఆశ్రయించాడు. గుఱ్ఱాల మర్మం తెలిసిన నకులుడు అశ్వశాలకు, పశుపోషణ ఎరిగిన సహదేవుడు గోశాలకు వెళ్లారు. తనలో ఉన్నదానినే ఒకదానిని పైకి తెచ్చి, తక్కినదంతా మరుగుపరచడమే వేషమని ఈ ఎంపిక తెలుపుతున్నది.

వారిలో అందరికన్నా కష్టమైన వేషం అర్జునునిది. అల్లెత్రాటి ఒరపిడికి కాయలు కాచిన ముంజేతులను గాజులతో కప్పుకొన్నాడు. యోధునికి కీర్తిచిహ్నాలైన ఆ మచ్చలే అజ్ఞాతవాసంలో ప్రమాదచిహ్నాలయ్యాయి. ఒక సంవత్సరంపాటు అంతఃపురంలో ఉత్తరకు ఆట, పాట నేర్పాడు. ఎవరేమనుకొన్నా పలకలేదు.

కాని వేషం తెచ్చే అసలు కష్టం ద్రౌపది విషయంలో బయటపడుతుంది. సైరంధ్రి అంటే అలంకరణ చేసే పరిచారిక. ద్రౌపది రూపం మారలేదు, స్వభావం మారలేదు, అభిమానం మారలేదు. మారినది ఆమె హోదా ఒక్కటే. ఆ ఒక్క మార్పుతో కీచకుని కంటికి ఆమె అడిగేవారు లేని స్త్రీగా కనిపించింది. పారిపోయి నిండుసభలోకి వస్తే అక్కడే కాలితో తన్నాడు. విరాటరాజు తన బావమరదిని దండించలేకపోయాడు. భర్తలు ఎదుటనే ఉన్నారు, కాని భర్తలుగా లేరు. భీముడు ఆగ్రహంతో ఎదుటి చెట్టువైపు చూడగా, వంటవాడు వంటకట్టెల కోసం ఆ చెట్టును విరచరాదని స్ఫురించేట్లు ధర్మరాజు ద్వంద్వార్థంగా పలికి వారించవలసి వచ్చింది. వేషం ప్రాణాలు కాపాడింది, కాని నోరు కట్టివేసింది. హోదా లేని స్త్రీకి ఆ రాజ్యంలో రక్షణ ఎంతటిదో మహారాణి తానే పరిచారికయై తెలుసుకొన్నది. ద్రౌపది రాణిగా విరాటనగరానికి వచ్చి ఉంటే ఆ సత్యం ఎన్నటికీ బయటపడేది కాదు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చలనచిత్రం ఈ కథను తెలుగు ప్రేక్షకుల కళ్లకు కట్టింది.

వేషం కింది వీరుడు బయటపడే ఘట్టం ఉత్తరగోగ్రహణం. కౌరవులు గోవులను పట్టుకొన్నారని తెలిసి, సారథి ఉంటే వారినందరినీ జయిస్తానని ఉత్తరకుమారుడు అంతఃపుర స్త్రీల ఎదుట బీరాలు పలికాడు. బృహన్నల సారథియై వెంట వెళ్లింది. కౌరవసేనను చూడగానే రాకుమారుడు రథం దూకి పరుగు తీశాడు. జడ ఊగుతుండగా, చీరకుచ్చెళ్లు రెపరెపలాడుతుండగా బృహన్నల వెంబడించింది. ఆ దృశ్యం చూసి కౌరవసైనికులు నవ్వారు. కాని వారిలోనే కొందరికి అనుమానం కలిగింది. ఆ మెడ, ఆ బాహువులు, ఆ నడక ఎవరివి? నివురుగప్పిన నిప్పు వంటి ఆ వ్యక్తి అర్జునుడే కావచ్చునని తలపోశారు. ముఖాన్ని, కట్టును మార్చుకొన్న అర్జునుడు పరుగును మార్చుకోలేకపోయాడు.

ఈ ఘట్టంలో తిరగబడినది ఒక్క బృహన్నల వేషమే కాదు. ఏ వేషమూ వేసుకోని ఉత్తరకుమారుని వీరత్వమే నిజానికి వేషమని తేలిపోయింది. సారథిగా వచ్చినవాడు రథికుడయ్యాడు, రథికుడు సారథి అయ్యాడు. ఎవరి స్థానం వారికి దక్కింది. రాకుమారుడు కూడా అక్కడితో పతనం కాలేదు. భయాన్ని ఒప్పుకొన్న తరువాతనే అతడు ధైర్యంగా పగ్గాలు పట్టగలిగాడు.

ముఖం వచ్చింది, మనసు రాలేదు

పాండవులు ఆడినమాట నిలుపుకోవడానికి వేషం ధరించారు. కోరిక తీర్చుకోవడానికి వేషం ధరించిన పాత్ర అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఉన్నది. హిమాలయానికి వెళ్లిన ప్రవరుణ్ణి అప్సరస వరూధిని ప్రేమించింది. నిత్యకర్మనిష్ఠ గల ప్రవరుడు ఆమెను నిరాకరించి అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరాడు. అంతకుముందు వరూధినిని కోరి భంగపడిన గంధర్వుడొకడు ఈ సంగతి తెలుసుకొని ప్రవరుని రూపం ధరించి ఆమె ఎదుటికి వచ్చాడు. ఇతడే మాయాప్రవరుడు.

ఇక్కడ వేషం పరిపూర్ణమైనది. చెరిగిపోయే రంగు కాదు, ఊడిపోయే తొడుగు కాదు. రూపమంతా ప్రవరునిదే. అయినా ప్రవరునికీ మాయాప్రవరునికీ హస్తిమశకాంతరం ఉన్నది. వరూధిని నిజమైన ప్రవరునిలో చూసినది రూపం మాత్రమే, అతని నిష్ఠను కాదు. గంధర్వుడు ఎరువు తెచ్చుకోగలిగినదీ ఆ రూపమే. రూపాన్ని మాత్రమే ప్రేమించినవారికి రూపం మాత్రమే దక్కుతుందనే ధ్వని కథలో ఉన్నది. కాని దానితో గంధర్వుని దోషం తొలగిపోదు. పాండవుల వేషం వల్ల కష్టపడినవారు ముఖ్యంగా పాండవులే. మాయాప్రవరుని వేషానికి మూల్యం చెల్లించినది నమ్మిన వరూధిని. వేషం మంచిదా చెడ్డదా అని నిర్ణయించడానికి ఇంతకన్నా మంచి గీటురాయి దొరకదు.

పెండ్లికూతురి వేషంలో బాలుడు

ఆధునిక సాహిత్యంలో వేషాన్ని సంఘసంస్కరణకు సాధనంగా వాడినవాడు గురజాడ అప్పారావు. ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో మొదట ప్రదర్శితమై, 1909లో సమూలంగా మారి నూతనరూపం దాల్చింది. ఆడపిల్ల తండ్రి ధనం పుచ్చుకొని పసిపిల్లను ముసలివానికి కట్టబెట్టే దురాచారం అందులోని వస్తువు. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే అట్లా పెండ్లాడి వైధవ్యం పాలయింది. అయినా ఆయన చిన్నకూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లకు ఇవ్వడానికి నిశ్చయించాడు. ఆ పెండ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడపిల్ల వేషం వేసి, తక్కువ ధరకు అమ్మజూపి లుబ్ధావధాన్లకు కట్టబెడతాడు. కరటకశాస్త్రి స్వయంగా నాటకాలలో విదూషకుడు. రంగస్థలంపై నేర్చిన విద్యను ఒక పసిదాని ప్రాణం కాపాడడానికి ఇంటి వాకిటికి తెచ్చాడు.

ఈ ఘట్టం నవ్వు పుట్టిస్తుంది. నవ్వు ఆగిన తరువాత ఆలోచన మొదలవుతుంది. లుబ్ధావధాన్లు వధువు ముఖాన్ని చూశాడు, వెలను చూశాడు, కాని మనిషిని చూడలేదు. చూసి ఉంటే మోసపోయేవాడు కాదు. పెండ్లికూతురు ఒక వ్యక్తి కాక సరుకైనప్పుడు ఆ సరుకు ఆడపిల్ల అయినా, ఆడవేషంలోని కుర్రవాడు అయినా కొనేవానికి తేడా తెలియదు. కన్యాశుల్కం ఎంత అమానుషమో నూరు ఉపన్యాసాలు చెప్పలేని విషయాన్ని ఒక వేషం చెప్పింది.

అదే నాటకంలో మధురవాణి పురుషవేషం ధరించి న్యాయవాది సౌజన్యారావు పంతులు వద్దకు వెళుతుంది. వేశ్యలకు దూరంగా ఉండాలనే నియమం గల ఆయన, ఆమె తన రూపంతో వస్తే మాటాడడానికైనా ఇష్టపడడు. మగవేషంలో వచ్చినందువలన ఆమె మాట విన్నాడు, తెలివిని గుర్తించాడు. ఒక నిరపరాధి కేసును చక్కదిద్దే నిజం ఆమె నోటనే వెలువడింది. ద్రౌపది వేషం వేస్తే గౌరవం పోయింది, మధురవాణి వేషం వేస్తే గౌరవం వచ్చింది. రెండు కథలలోనూ మనిషి మారలేదు, మారినది చూసేవారి చూపు. ఇక గిరీశం ఏ వేషమూ వేయడు. సంస్కర్త మాటలు మాత్రం ధారాళంగా వల్లిస్తాడు. ఆ మేకవన్నె పులి ముసుగును చివరకు తొలగించినది వేషం వేసుకొని వచ్చిన మధురవాణియే.

వేషం తీసిన తరువాత

కథలో వేషం వేయడం ఎంత ముఖ్యమో, తీయడం అంత ముఖ్యం. విరాటపర్వం ముగింపులో ఒక ఘట్టం ఈ విషయంలో తలచుకోదగినది. అజ్ఞాతవాసం ముగిసి పాండవులు తమ నిజరూపాలతో కొలువులో కూర్చున్నారు. విరాటుడు తన తప్పిదాలకు పశ్చాత్తాపపడి, తన కుమార్తె ఉత్తరను భార్యగా స్వీకరించవలసిందని అర్జునుణ్ణి కోరాడు. వీరునికి రాకుమార్తెను ఇవ్వడం ఆనాటి మర్యాద. కాని అర్జునుడు అంగీకరించలేదు. సంవత్సరకాలం అంతఃపురంలో ఆమెకు ఆచార్యుడుగా మెలిగానని, తండ్రి వంటి తనను ఆమె నమ్మిందని చెప్పి, తన కుమారుడైన అభిమన్యునికి కోడలిగా స్వీకరిస్తానన్నాడు.

బృహన్నల ఒక కల్పిత వ్యక్తి. ఆ గాజులు తీసివేశారు, ఆ జడ విప్పివేశారు, ఆ పేరు మరుగున పడింది. కాని బృహన్నలకూ ఉత్తరకూ నడుమ ఏర్పడిన గురుశిష్యబంధం కల్పితం కాదు. వేషంలో ఉండగా చేసిన బోధ నిజం, పొందిన నమ్మకం నిజం. వేషంతో పాటు ఆ బాధ్యతను కూడా జమ్మిచెట్టు కింద వదిలివేయడం అర్జునునికి సాధ్యమే. అతడు అట్లా చేయలేదు. మాయాప్రవరుడు రూపాన్ని ఎరువు తెచ్చుకొని నమ్మకాన్ని దొంగిలించాడు. అర్జునుడు రూపాన్ని విడిచిపెట్టి నమ్మకాన్ని నిలుపుకొన్నాడు. అర్జునుని గొప్పతనం గాండీవం ఎక్కుపెట్టినప్పుడు లోకానికి తెలిసింది. ఉత్తరను కోడలిగా కోరుకొన్నప్పుడు ఉత్తరకు తెలిసింది.